మన సంఘం 2025 వార్షిక నివేదిక: బడి డబ్బులు, మన పిల్లల లెక్క

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి బాగా జరిగాయి, వంటలకీ సర్దుళ్ళకీ ముందుకొచ్చిన అందరికీ పేరుపేరునా దండాలు. జమాఖర్చుల కాగితం కోశాధికారిగారు విడిగా పంపారు, అది మళ్ళీ ఇక్కడ రాయను. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు విద్యా కమిటీకే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ ఏడాది మన వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన ఫోన్లలో సగం పైగా బడి డబ్బుల గురించే.

మార్చి 20న ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ, విద్యాశాఖను మూసే దిశగా అధ్యక్షుడు ట్రంప్ ఆదేశం మీద సంతకం పెట్టారు కదా, ఆ వారం నుంచే మొదలైంది. "అన్నా, ఇక మా పిల్లల బడికి డబ్బులు ఆగిపోతాయా?" అని మన డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్ నుంచి, ప్లేనో నుంచి, ఫ్రిస్కో నుంచి అడిగారు. జవాబు చెప్పాలంటే ముందు మాకు తెలియాలి. అందుకే లైబ్రరీ గది తీసుకుని ఆదివారాలు కూర్చుని చదివాం, తర్వాత సభ్యులతో సమావేశాలు పెట్టాం. మాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాను, కాస్త పొడుగైనా దయచేసి చివరిదాకా చదవండి.

ముందు ఒక మాట. మన వైపు జిల్లా అంటే కలెక్టరూ జడ్పీ గుర్తొస్తాయి. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే అది కాదు. అది బడుల కోసమే ఉన్న సంస్థ, దానికి మనం ఓటేసి ఎన్నుకునే బోర్డు ఉంటుంది, మన టెక్సాస్‌లో అయితే ఇళ్ళ మీద పన్ను వేసే అధికారం కూడా దానిదే. దేశం మొత్తం మీద బడుల ఆదాయంలో ఎక్కువ భాగం రాష్ట్రాలదీ స్థానిక పన్నులదీ, ఫెడరల్ వాటా కోవిడ్‌కు ముందు సుమారు 8 శాతమే. అంటే ఫెడరల్ డబ్బు ఆగితే బడి తలుపులు మూతపడవు. కానీ ఆ కొంచెమే ఎక్కువగా పేద పిల్లల దగ్గరికీ, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లల దగ్గరికీ, వైకల్యం ఉన్న పిల్లల దగ్గరికీ వెళ్తుంది. అది తగ్గితే దెబ్బ తగిలేది వాళ్ళకే.

ఇందులో పెద్దది టైటిల్ వన్, పేద పిల్లల చదువుకు సాయంగా ఇచ్చే నిధి. 1965 ఏప్రిల్ 11న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దాన్ని తెచ్చిన చట్టం మీద సంతకం పెట్టింది మన టెక్సాస్‌లోనే, తను చిన్నప్పుడు చదివిన బడి దగ్గర, తనకు మొదట పాఠం చెప్పిన టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని. కొటులా అనే ఊళ్ళో మెక్సికన్ కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పి, ఆకలితో బడికొచ్చే వాళ్ళను కళ్ళారా చూసిన మనిషి ఆయన. 2024 ఆర్థిక సంవత్సరంలో టైటిల్ వన్ కింద ఇచ్చింది దాదాపు 1,840 కోట్ల డాలర్లు. ఈ డబ్బు ఎవరికెంత అన్నది ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ చేసిన చట్టంలోనే సూత్రంగా రాసి ఉంది, విద్యాశాఖ ఆ సూత్రం ప్రకారం పంచుతుంది. కాబట్టి ఆదేశం వచ్చినంత మాత్రాన ఆ సూత్రం పోదు, అది మార్చాలంటే కాంగ్రెస్సే మార్చాలి.

ఇక్కడ నేను ఒక తప్పు సరిదిద్దాలి. మొదటి సమావేశంలో, బడిలో ఉచిత మధ్యాహ్న భోజనానికి ఇంటి ఆదాయం రాసిచ్చే ఫారాలు ఎంత ఎక్కువ నింపితే మన డిస్ట్రిక్ట్‌కు టైటిల్ వన్ డబ్బు అంత ఎక్కువొస్తుందని చెప్పాను. అది తప్పు. డిస్ట్రిక్ట్‌కు ఎంత రావాలో తేల్చేది భోజనం ఫారం కాదు, జనాభా లెక్కల శాఖ ఏటా వేసే అంచనా. ఒక్కో డిస్ట్రిక్ట్ హద్దుల్లో 5 నుంచి 17 ఏళ్ళ వయసున్న పేద పిల్లలు ఎంతమందో వాళ్ళు ఆదాయపు పన్ను రిటర్నులూ, ఆహార సాయం లెక్కలూ, సర్వేలూ కలిపి అంచనా వేస్తారు. డబ్బు ఆ అంకె చుట్టూ తిరుగుతుంది.

అక్కడి నుంచి నాలుగు సూత్రాలున్నాయి. మొదటి దానికి డిస్ట్రిక్ట్‌లో కనీసం 10 మంది పేద పిల్లలుండి, మొత్తం పిల్లల్లో వాళ్ళు 2 శాతం దాటితే చాలు, అందుకే బాగా డబ్బున్న ఊళ్ళకు కూడా ఎంతో కొంత వస్తుంది. రెండోది పేద పిల్లలు 6,500 మంది దాటితేనో, 15 శాతం దాటితేనో ఇస్తారు. మిగతా రెండూ పేదరికం ఎంత చిక్కగా ఉందో చూసి ఒక్కో పిల్లవాడికి కట్టే లెక్క పెంచుతూ పోతాయి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ పెంపు పేద పిల్లల శాతాన్ని బట్టి వేయవచ్చు, తల లెక్కను బట్టీ వేయవచ్చు, ఏది డిస్ట్రిక్ట్‌కు లాభమో అదే వాడతారు. దాంతో శాతం తక్కువైనా జనం ఎక్కువున్న పెద్ద శివారు డిస్ట్రిక్ట్‌లో ఒక పేద పిల్లవాడికి, దూరాన పల్లెలో సగం మంది పేదలే ఉన్న చిన్న డిస్ట్రిక్ట్‌లోని పిల్లవాడికంటే ఎక్కువ లెక్క కట్టే వీలుంది. ఇది నాకు సరిగ్గా అనిపించలేదు, మనం ఉంటున్నది అలాంటి పెద్ద శివార్లలోనే అయినా సరే. రాష్ట్రం ఒక్కో విద్యార్థి మీద చేసే ఖర్చు కూడా సూత్రంలో ఉంది, ఖర్చు ఎక్కువ పెట్టే రాష్ట్రానికి ఫెడరల్ డబ్బూ ఎక్కువే.

మరి భోజనం ఫారం ఎందుకంటారా? డిస్ట్రిక్ట్‌కు వచ్చిన డబ్బును బడుల మధ్య పంచేటప్పుడు. చాలా డిస్ట్రిక్టులు ఉచిత, తగ్గింపు భోజనానికి అర్హులైన పిల్లల శాతాన్ని బట్టి బడులను వరుసలో పెడతాయి. 75 శాతం దాటిన బడులకు ముందు ఇవ్వాలి, ఆ తర్వాతే కిందివి. పక్కపక్క డిస్ట్రిక్టుల్లో పేద పిల్లలు 38 శాతమే ఉన్న రెండు బడులు తీసుకోండి, ఒక చోట దానికి డబ్బు వస్తుంది, ఇంకో చోట దానికంటే పేద బడులు చాలా ఉన్నాయి కాబట్టి రాదు. రోడ్డుకు ఇటు అపార్ట్‌మెంట్‌లో ఉన్న పిల్లవాడికి చదువు సాయం చేసే టీచరు ఉంటుంది, అటు ఉన్నవాడికి ఉండదు. బడిలో పేద పిల్లలు 40 శాతం దాటితే ఆ డబ్బును మొత్తం బడి కోసం వాడుకోవచ్చు, అంటే బాగా సంపాదించే మన సాఫ్ట్‌వేర్ ఇంటి పిల్ల కూడా అదే రీడింగ్ టీచరు దగ్గర కూర్చోవచ్చు.

2025-26 బడి ఏడాదికి నలుగురున్న ఇంట్లో ఏడాది ఆదాయం 41,795 డాలర్లలోపు అయితే భోజనం ఉచితం, 59,478 లోపు అయితే తగ్గింపు ధర. గ్యాస్ స్టేషన్లలో, మోటళ్ళలో పనిచేసే మన కుటుంబాలు ఈ లెక్కలోకి వస్తాయి, అయినా ఫారం ఇవ్వరు, పరువు పోతుందని. ఆగస్టులో ఫారాలు నింపే బల్ల పెట్టినప్పుడు ఒక తమ్ముడు ఫారం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడి, "మన వాళ్ళెవరికీ తెలీదు కదన్నా?" అని అడిగాడు. తెలీదు తమ్ముడూ, ఆ వివరాలు రహస్యంగా ఉంచాలని నియమం ఉంది. వీసా ఏమిటని కూడా ఆ ఫారంలో అడగరు. ఒక బడి ఆఫీసులో మాత్రం మన సభ్యురాలి ఫారం రెండుసార్లు కనపడకుండా పోయింది, మూడోసారి ఇద్దరం వెంట వెళ్ళి తేదీ వేయించుకుని ఇచ్చాం. బడిలో అందరికీ ఉచిత భోజనం పెడుతుంటే ఈ ఫారం అక్కర్లేదు, అది బడిలోనే అడిగి తెలుసుకోండి.

అందరికంటే ఎక్కువ చర్చ జరిగింది ఇంటి భాష గురించి. బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగే కాగితం ఇస్తారు. మనలో చాలామంది ఇంట్లో పొద్దున లేచింది మొదలు తెలుగే మాట్లాడుతూ అక్కడ ఇంగ్లీష్ అని రాస్తున్నారు. ఒక చెల్లెమ్మ సభలోనే చెప్పింది, "తెలుగు అని రాస్తే మా బాబును వేరే క్లాసులో పడేస్తారట, వెనకబడిపోతాడట" అని. భయం నాకు అర్థమైంది, మా పాపను చేర్చినప్పుడు నేనూ ఇంగ్లీషనే రాశాను. దాంతో దానికి పరీక్షా పెట్టలేదు, సాయమూ రాలేదు, రెండో తరగతిలో చదివింది అర్థంకాక ఏడ్చేది. ఇప్పుడు తెలిసింది ఇది: తెలుగు అని రాసినంత మాత్రాన వేరే క్లాసులో వేయరు, ముందు పరీక్ష పెడతారు, అవసరమైతేనే సాయం, అది కూడా వద్దనే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల కోసం టైటిల్ త్రీ అని వేరే నిధి ఉంది, 2024లో దాదాపు 89 కోట్ల డాలర్లు. రాష్ట్రాలకు పంచేటప్పుడు 80 శాతం ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల లెక్క మీద, 20 శాతం కొత్తగా వలస వచ్చిన పిల్లల లెక్క మీద. జనాభా లెక్కల శాఖ ఏటా 35 లక్షల ఇళ్ళకు పంపే సర్వే కూడా ఇందుకు ఆధారమే, అది మీ ఇంటికొస్తే చెత్తబుట్టలో వేయకండి, ఇంట్లో ఏ భాష, పిల్లలకు ఇంగ్లీషు ఎంత బాగా వచ్చు అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి.

ప్రత్యేక విద్య గురించి ఒక్క ముఖ్యమైన సంగతి. 1975లో చట్టం చేసినప్పుడు, దేశంలో ఒక విద్యార్థి మీద పెట్టే సగటు ఖర్చులో 40 శాతం వరకు వైకల్యం ఉన్న ఒక్కో పిల్లవాడికి ఫెడరల్ వాటాగా ఇస్తామన్నారు, ఈ యాభై ఏళ్ళలో ఎప్పుడూ అంత ఇవ్వలేదు, ఇప్పుడు 15 శాతం కూడా లేదు. మిగతాది రాష్ట్రం, డిస్ట్రిక్ట్ భరించాలి. అయినా డబ్బుల్లేవని చెప్పి మీ పిల్లవాడికి రావాల్సిన సేవలు ఆపడానికి చట్టం ఒప్పుకోదు. ఆటిజం ఉన్న బాబు తల్లికి ఒక బడిలో ఆ మాటే చెప్పారు, ఆమె నాలుగు నెలలు ఊరుకుంది. ఆమెతో ఐఈపీ సమావేశానికి, అంటే పిల్లవాడికి ఏ సేవలివ్వాలో బడివాళ్ళతో కూర్చుని తేల్చే సమావేశానికి, మన వాళ్ళు ఇద్దరు వెళ్ళారు, స్పీచ్ థెరపీ మొదలైంది. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు బాగా సంతృప్తినిచ్చింది ఇదే.

జూలైలో ఇంకో టెన్షన్. ఒకటో తారీఖున రావాల్సిన 600 కోట్ల డాలర్లకు పైగా నిధులు, టైటిల్ త్రీ, టీచర్ల శిక్షణ, బడి తర్వాత పిల్లల కార్యక్రమాలవి, వాషింగ్టన్‌లో ఆపేశారు. టైటిల్ వన్ అందులో లేదు. రెండు పార్టీల వాళ్ళూ అడగడం, రాష్ట్రాలు కోర్టుకెళ్ళడం జరిగి నెలాఖరుకు విడుదల చేశారు. సూత్రం చట్టంలో ఉన్నా చెల్లింపు ఆలస్యమైతే ఆగస్టులో టీచరును తీసుకోవడం ఎలాగో డిస్ట్రిక్టులకు తెలియదు, ఆ నెలంతా మన పిల్లల వేసవి క్లాసు టీచర్లు కూడా అదే దిగులుతో ఉన్నారు.

వచ్చే ఏడాదికి కమిటీ మూడు పనులు పెట్టుకుంది. ఫారాల బల్ల జూలై చివరి వారంలోనే వేస్తాం, ఆగస్టు దాకా ఆగం. టైటిల్ వన్ బడులు ఏటా తల్లిదండ్రులతో సమావేశం పెట్టాలి, 5 లక్షల డాలర్లు దాటి తీసుకునే డిస్ట్రిక్ట్ అందులో కనీసం 1 శాతం తల్లిదండ్రుల భాగస్వామ్యానికి పక్కన పెట్టాలి, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో అడగడానికి ఒక్కో బడికి మన నుంచి ఇద్దరు వెళ్ళాలి. ఇంటి భాష కాగితం గురించి తెలుగులో ఒక పేజీ రాస్తున్నాం, అపార్ట్‌మెంట్లలో పంచడానికి. ఈ మూడింటికీ మనుషులు కావాలి, ముఖ్యంగా పగటి పూట ఖాళీగా ఉండే అమ్మలూ, ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలుండే అమ్మమ్మలూ తాతయ్యలూ. జనవరి మొదటి ఆదివారం పొద్దున పదింటికి అదే లైబ్రరీ గదిలో కలుద్దాం, టీ మేము పెడతాం, మీ బడి పేరూ, మీకున్న ప్రశ్నలూ రాసుకుని రండి.