ఫాంటు చేసినవాళ్లకు శాలువా ఏదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. చీర నేతకు నూలు సిద్ధం చేసే ఆసు పోసి పోసి భుజం పడిపోతున్న తల్లిని చూడలేక ఆయన చేసిన లక్ష్మీ ఆసు యంత్రానికి దక్కిన గౌరవం అది. పాట పాడినవాళ్లకే కాదు, పనిముట్టు చేసినవాళ్లకూ సర్కారు దండ వేస్తుందని మన జిల్లాకు అప్పుడు తెలిసింది. మరి కంప్యూటర్ పనిముట్లు తయారుచేసి, మార్చుకునే హక్కుతో సహా ఊరికే ఇచ్చేసినవాళ్ల సంగతేమిటి?

నాది నల్లగొండలో చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు నా పని. వెనకట కొనుక్కున్న ఫాంటుతో టైపు చేసిన శుభలేఖను ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే ‘చి.ల.సౌ.’ ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనపడేవి. పెళ్లివారికి టెన్షన్, మాకు తిట్లు. ఏ సిస్టంలోనైనా ఒక్కో అక్షరానికి ఒకటే నంబరు ఉండేలా చేసే యూనికోడ్ పద్ధతి వచ్చాక ఆ బాధ తగ్గింది. అయితే యూనికోడ్ ఇచ్చేది అక్షరానికి ఒక నంబరే, రూపం ఎవరో కూర్చుని గీయాల్సిందే. గుణింతాలు, వత్తులు, వత్తు కింద వత్తు, ఇవన్నీ ఒకదాన్నొకటి గుద్దుకోకుండా కుదర్చడం మామూలు చాకిరీ కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. సిలికానాంధ్ర అనే తెలుగువారి సంస్థ విడుదల చేసిన వాటిలో ‘సురవరం’ ఉంది. పత్రికల కోసమని 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించారు. గోలకొండ పత్రిక నడిపిన మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు దానికి పెట్టారు. ఈ సంగతి గద్వాలలో ఎంతమందికి తెలుసు?

ఇలా ఊరికే ఇచ్చినవాళ్లను గౌరవించడంలో బయటి దేశాలు కొంత నయం. మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచే లైనక్స్‌ను 1991లో మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్‌కు ఫిన్లాండ్ 2012లో మిలీనియం టెక్నాలజీ ప్రైజ్ ఇచ్చింది. ఇంటర్నెట్ నుంచి సమాచారం తెచ్చిపెట్టే కర్ల్ అనే ప్రోగ్రాం రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్‌కు స్వీడన్‌లో 2017లో పోల్‌హెమ్ బహుమతి దక్కింది. అక్కడా అందరికీ కాదులెండి. ఫైళ్లను కుదించే, ఎన్నో సర్వర్లలో ఉండే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాంను ఏళ్ల తరబడి జీతం లేకుండా దాదాపు ఒక్కడే చూసుకున్న మనిషి అలసిపోతే, సాయం చేస్తానని చేరినవాడు అందులో దొంగదారి పెట్టాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి 2024లో బయటపడింది. లేకపోతే ప్రపంచంలో ఎన్ని సర్వర్ల తాళాలు ఊడేవో!

కాబట్టి ఒట్టి సన్మానాలతో సరిపోదు, ఈ పనికి కొత్త చేతులు కావాలి. ఏటా ఫైనల్ ఇయర్ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు బైండింగుకు తెస్తారు. చాలావరకు అమీర్‌పేటలో కొన్నవే. అట్ట మీద అదే ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టం’, లోపల అవే పేజీలు, హాల్‌టికెట్ నంబరు ఒక్కటే వేరు. (నా గిరాకీకి నేనే గండి కొట్టుకుంటున్నాననుకోండి.) దీనికి బదులు ఓపెన్ సోర్స్, అంటే ఇలా ఎవరైనా మార్చుకునేలా ఇచ్చిన ప్రోగ్రాంలో ఒక తప్పు సరిదిద్దినా, ఉత్తరాలు, లెక్కల పట్టికలు చేసుకునే ఉచిత ప్రోగ్రాం లిబ్రాఫీస్ మెనూలు కొన్ని తెలుగులోకి తెచ్చినా, ఫాంటులో విరిగిన వత్తు బాగుచేసినా మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీలు దాన్నే ప్రాజెక్టుగా లెక్కగట్టి మార్కులు వేయాలి. ఎవరు ఏ మార్పు ఏ రోజు చేశారో ఆ ప్రోగ్రాం దాచే చోటే నమోదై ఉంటుంది, పరీక్షించేవాళ్లకూ తేలిక.

ఇక ప్రభుత్వానికి ఒక మనవి. తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం వారి పేరు పెట్టుకున్నాం. ఆయన పేరుతో ఫాంటు చేసినవారిని, పోతన, వేమన ఇచ్చినవారిని వచ్చే జూన్ 2 వేడుకలకు పిలిచి సత్కరించాలి.

— ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకుడు, నల్లగొండ