మీ నాన్న రాలేదా అని అడిగాం

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మా ఊళ్లో గ్రామసభ జరిగింది. ఎప్పట్లాగే కుర్చీల్లో మాలాంటి నెరిసిన తలలు, వెనక వేపచెట్టు కింద నిలబడి నలుగురైదుగురు పిల్లలు. వాళ్లలో డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి ముందుకొచ్చి మంచినీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారని అడిగింది. ఫోన్‌లో ఫొటో కూడా చూపించింది, ట్యాంకు మీద ‘శుభ్రం చేసిన తేదీ’ అని ఉన్నచోట రెండు నెలల కిందటి తేదీ. మా పెద్దమనిషి ఒకాయన "నీకెందుకమ్మా ఇవన్నీ, మీ నాన్న రాలేదా?" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. ఆ ప్రశ్న మినిట్స్ బుక్కులోకి ఎక్కలేదు గానీ హాజరు కోసం ఆ పిల్ల సంతకం మాత్రం తీసుకున్నారు.

ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989లో, 61వ రాజ్యాంగ సవరణతో. ఊరి ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు, గ్రామసభలో సభ్యులే, సర్పంచి పిలిస్తేనో ఇంటి పెద్ద పంపిస్తేనో వచ్చే హక్కు కాదది. అంటే ఆ రోజు సభలో ఆ పిల్లకీ నాకూ తేడా నెరిసిన జుట్టు ఒక్కటే. ఓట్లప్పుడు మాత్రం ఇదే పిల్లల్ని ‘యువశక్తి’ అని పొగిడి, బైకులకు పెట్రోలు కొట్టించి ర్యాలీలకు తిప్పుతాం, అప్పుడెవరూ నాన్న రాలేదా అని అడగరు.

21 ఏళ్లకి సర్పంచిగా పోటీ చేయొచ్చు. ఎమ్మెల్యేకి 25 నిండాలి. దాన్ని 18కి తగ్గించాలని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం సిఫారసు చేసింది, ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. 18కే ఎమ్మెల్యే అంటే నాకూ కొంచెం అనుమానమే, 21 అయితే సరేనంటాను. తిరువనంతపురంలో 2020లో ఆర్యా రాజేంద్రన్ మేయర్ అయ్యేనాటికి ఆమె వయసు 21, ఇంకా డిగ్రీ చదువుతోంది. అంత నగరాన్ని అప్పజెప్పిన వయసు వాళ్లని మేం ఒక ట్యాంకు గురించి అడగనివ్వలేదు.

పిల్లలు గొడవేం చేయలేదు. రోజూ పొద్దున్నే ట్యాంకు మీది తేదీని ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, కింద ఒక్క ముక్క రాయకుండా. గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్య ఆ పాత తేదీ! తొమ్మిదో రోజు ట్యాంకు కడిగారు. నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తున్నాయని మా ఆవిడ గొణిగింది గానీ నాకైతే బాగానే ఉంది.

మీ జిల్లా పేజీలో ఒక సంగతి వేస్తే మేలు. 17 నిండినవాళ్లు ఓటుకు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 18 నిండాయా లేదా అని చూడ్డానికి 2022 నుంచి జనవరి ఒకటో తేదీయే కాదు, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా లెక్కలోకి వస్తున్నాయి. మా ఊళ్లో చాలామందికి తెలీదు.

వచ్చే గ్రామసభలో ఆ అమ్మాయి ప్రశ్నని మినిట్స్‌లో ఎక్కించమని అడుగుతాను. ట్యాంకు కడిగేశాం కదా ఇంకెందుకు అంటారు, తెలుసు. అయినా అడుగుతాను.

— ఒక పాఠకుడు (59 ఏళ్లు), మహబూబ్‌నగర్ జిల్లా