పీటర్ కుర్చీ

ఒరేయ్ రవీ,

బారసాల ఫొటోలు చూశాను. పాపది అచ్చం మీ అమ్మగారి పోలికేరా! రాలేకపోయానని మనసులో పీకుతూనే ఉంది. ఆ దిగులుతోనే మొన్న ఆదివారం ఇక్కడ కోపెన్‌హాగెన్‌లో డిజైన్ మ్యూజియంకి వెళ్లాను. అక్కడ కుర్చీలన్నీ అరల్లో, ఒక్కోదానికి ఒక్కో దీపంతో, గూట్లో దేవుళ్లలా ఉన్నాయి.

నీకు చెప్పాల్సింది హాన్స్ వెగ్నర్ అనే డెన్మార్క్ డిజైనర్ గురించి. 1914లో పుట్టాడు. నాన్న చెప్పులు కుట్టేవాడు. ఈయన పద్నాలుగో ఏట వడ్రంగి దగ్గర పనికి చేరి, జీవితంలో 500కి పైగా కుర్చీలు గీశాడు. బోర్గె మోగెన్‌సెన్ అనే మరో డిజైనర్ ఆయనకి ప్రాణస్నేహితుడు.

1944లో మోగెన్‌సెన్ కొడుకు పీటర్‌కి బాప్తిస్మం. డెన్మార్క్ అప్పుడు జర్మన్ సైన్యం చేతిలో ఉంది, కొందామంటే బజార్లో మంచి వస్తువు దొరకదు. వెగ్నర్ ఏమో దూరాన ఆర్హస్‌లో ఉన్నాడు. అందుకని తనే ఓ చిన్న కుర్చీ చేశాడు. నాలుగే చెక్కలు. మేకుల్లేవు, స్క్రూల్లేవు, జిగురు లేదు. ఒకదాని గాడిలో ఇంకోటి దూరి బిగుసుకుంటుంది. విడదీసి పార్సిల్ చేస్తే చాలు. అంచులన్నీ నున్నగా, గుండ్రంగా ఉంటాయి, పిల్లాడు నోట్లో పెట్టుకున్నా గుచ్చుకోదు. దాని ముందు చాలాసేపు నిలబడిపోయానురా, నువ్వే గుర్తొచ్చావు.

వెగ్నర్ 1949లో గీసిన వై కుర్చీ నీకూ తెలిసే ఉంటుంది, వీపు దగ్గర వై అక్షరంలాంటి చెక్క ఉంటుందే, అదే. దాని సీటు కాగితాన్ని పురిపెట్టి చేసిన తాడుతో అల్లుతారు. ఒక్కో కుర్చీకి దాదాపు 120 మీటర్లు, అంతా చేత్తోనే. నాలుగు వైపుల నుంచీ వచ్చిన వరసలు సరిగ్గా మధ్యలో కలుసుకుంటాయి. వేలితో తడిమితే మా తాతయ్య అల్లిన నులక మంచం గుర్తొచ్చింది.

అందరూ ఆర్నె యాకబ్‌సన్ అనే ఇంకో డిజైనర్ 1958లో హోటల్ కోసం చేసిన గుడ్డు కుర్చీనే పొగుడుతారు. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ నా మనసు మాత్రం మోగెన్‌సెన్ 1947లో చేసిన జె39 మీదే. సహకార సంఘం కోసం, మామూలు కుటుంబాలు కొనుక్కోగలిగేలా చేసిన కుర్చీ అది. సాదా చెక్క, అల్లిన సీటు, అంతే. పొద్దున్నే కాఫీకి కూర్చోవాలంటే నాకు అదే కావాలి.

పాప కొంచెం పెద్దదయ్యాక ట్రిప్ ట్రాప్ అనే పిల్లల కుర్చీ కూడా చూడు. నార్వేలో పీటర్ ఓప్స్‌విక్ అనే డిజైనర్ తన కొడుకు కాళ్లు గాల్లో వేలాడుతుంటే చూసి 1972లో తయారుచేశాడు. పిల్లలు ఎదిగేకొద్దీ సీటునీ, కాళ్ల కింది పలకనీ జరుపుకోవచ్చు.

సంక్రాంతికి వస్తున్నాను, టిక్కెట్ కూడా తీసేశాను. పీటర్ కుర్చీని ఇప్పటికీ అదే పద్ధతిలో చేస్తున్నారు, పాపకి ఒకటి తెస్తాను. నాలుగు చెక్కలే కదా, సూట్‌కేసులో చీరల మధ్య పట్టేస్తుంది. బిగించడం మాత్రం మనిద్దరం కలిసి చేద్దాం.

నీ
శీను