నెమలి బొమ్మ లారీ అన్నకూ, మా బాబాయికీ

మొన్న శుక్రవారం తెల్లారి ఐదున్నరకి హౌరా చేపల మార్కెట్లో లోడు దించాం. బాబాయి పక్కన లేకుండా నేను వెళ్లిన మొదటి ట్రిప్పు అది. ఇంటికొచ్చి స్నానం చేసి, పన్నెండు గంటలు పడుకుని లేచాక మొదట చేస్తున్న పని దారిలో సాయం చేసినవాళ్లకి ఈ కృతజ్ఞతలు రాయడమే.

మీలో చాలామందికి నేను ఫోటోల అబ్బాయిగానే తెలుసు. కైకలూరులో పదమూడేళ్లు స్టూడియో నడిపాను. పెళ్లి కెమెరాలు పెద్ద ఊళ్ల టీములకు, మిగతావన్నీ ఫోన్లకు పోయాక అద్దె కట్టడమే గగనమైంది. 38 ఏళ్ల వయసులో లారీ ఎక్కుతానంటే ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు మా ఆవిడే అంది: "పెళ్లిళ్లకి రాత్రంతా మేలుకునేవారుగా, దీనికీ అదే పనికొస్తుందేమో చూడండి." పనికి రాలేదనుకోండి. పెళ్లిలో మేళం ఉంటుంది, మధ్యలో కాఫీ తెచ్చిచ్చేవాళ్లు ఉంటారు. అయినా ఆ ఒక్క మాటతోనే కదిలాను. మొదటి దండం తనకే.

కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటితేనే హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. నాది 2012 నాటిది కాబట్టి ఆ చిక్కు రాలేదు. నేను డబ్బు కట్టిన డ్రైవింగ్ స్కూలు మాత్రం నాలుగు రౌండ్లు తిప్పి సర్టిఫికెట్టు చేతిలో పెట్టింది. లైసెన్సు వచ్చింది గానీ బండి నడపడం రాలేదు.

బండి నేర్పింది మా వీధి చివర బాబాయి. చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకున్నాం అంతే. ముప్పై ఏళ్లుగా శీలావతి, బొచ్చె చేపలు కలకత్తా వైపు మోస్తున్న మనిషి. "లైసెన్సు జేబులో పెట్టుకుని క్లీనరుగా ఎక్కరా" అన్నాడు. ఆరు నెలలు ఎక్కాను. పొద్దున లేవగానే బ్రేకులకి గాలి అందించే ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదలడం, రాడ్డుతో ప్రతి టైరునీ కొట్టి చప్పుడు వినడం. వెనక జోడు టైర్లలో లోపలిది దిగిపోతే కంటికి తెలియదు, పక్కది మోస్తూ ఉంటుంది. గాలి ఉన్నది టంగుమంటుంది, దిగినది దబ్బుమంటుంది. ఘాటు ఎక్కిన గేరులోనే దిగాలన్నదీ, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టకూడదన్నదీ ఆయన తిట్లతో సహా గుర్తున్నాయి. నిద్ర గురించి ఒకటే చెప్పేవాడు: "కునుకు పట్టాక ఆపడం కాదురా, పట్టకముందే ఆపు." రోజుకి 8 గంటలే డ్యూటీ, 5 గంటలకోసారి అరగంట ఆగాలి అని 1961లోనే చట్టం వచ్చింది. ఐసు కరిగే లోడుకి ఆ లెక్క ఎవరు చూస్తారు? 1,100 కిలోమీటర్ల పైన దారి. అందుకే ఇద్దరు డ్రైవర్లం వెళ్తాం.

ఇక అసలు సంగతి. రెండో రోజు రాత్రి తొమ్మిది దాటింది, ఒడిశాలో భద్రక్ దాటాం. స్టీరింగు నా చేతిలో ఉంది, రెండో డ్రైవరు వెనక పడుకున్నాడు. ఉన్నట్టుండి బజరు మోగింది. చూస్తే బ్రేకుల గాలి ఎంతుందో చూపే ముల్లు పడిపోతోంది. గాలి పోతే బ్రేకులు పడవని చాలామంది అనుకుంటారు. పెద్ద బండిలో తిరగేసి ఉంటుంది, గాలి పోతే లోపలి స్ప్రింగు వెనక చక్రాలను గట్టిగా పట్టేస్తుంది. ఎలాగో ఎడమ అంచుకి లాగేసరికి బండి బిగుసుకుపోయింది. వెనక చక్రం దగ్గర గాలి పైపు ఒరుసుకుని చిరిగింది. మార్కెట్టుకి ఇంకా 280 కిలోమీటర్లు, వెనక పది టన్నుల చేప.

హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ వాళ్లు వచ్చి కోన్లు పెట్టారు. వాళ్లకీ నమస్కారం. ఓనరు గారికి వణుకుతూ ఫోన్ చేశాను. ఆయన లోడు గురించి ముందు అడగలేదు. "మీరిద్దరూ రోడ్డు మీద నుంచి పక్కకి జరిగారా?" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేను.

మెకానిక్ రావాలంటే పొద్దున అవుతుందని తేలింది. అప్పుడు ఆగింది ఒక పద్నాలుగు టైర్ల బండి. దిగినాయన బీహారు వైపు మనిషి. నా హిందీ పెళ్లి పాటల దగ్గరే ఆగిపోయింది, ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. చిరిగిన పైపు చేత్తో చూపించాను. తల ఊపి, తన టూల్ బాక్సులోంచి మూరెడు పైపూ రెండు జాయింట్లూ తెచ్చి, చిరిగినంత మేర కోసేసి మధ్యలో అతికాడు. ఫోను లైటు పట్టుకోవడమే నా వంతు. గాలి నిండి ముల్లు పైకి లేస్తుంటే సబ్బునీళ్లు రాసి, బుడగ రావడం లేదని నా చేత కూడా చూపించి మరీ వదిలాడు.

డబ్బులిస్తే తీసుకోలేదు. రెండు చేపలు ఇద్దామంటే సరుకు నాది కాదు. ఫ్లాస్కులో టీ ఉంటే తాగాడు. బండెక్కబోతూ వెనక్కి నడిచాడు. కోన్లు రాకముందు మేం ఆనవాలుగా పెట్టిన రాళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, అవన్నీ ఏరి పక్కన పడేశాడు. చీకట్లో వచ్చేవాడు వాటిని ఎక్కితే అంతే సంగతులు. ఆరు నెలలు బాబాయి చెప్పిన మాట అది, టెన్షన్‌లో మేమిద్దరం మరిచిపోయాం.

రెండున్నర గంటలు పోయాయి. మిగతా దారి ఎక్కువ భాగం రెండో డ్రైవరే నడిపాడు, నాకు కాళ్లు వణుకుతున్నాయని నేను చెప్పకుండానే. తమ్ముడూ, నీ బాకీ విడిగా ఉంది.

ఆయన పేరు అడగలేదు, నంబరు తీసుకోలేదు. నాలుగేళ్ల పిల్లాడి ఫోటో తీసినా పేరు రాసుకునే అలవాటు నాది, ఆ రాత్రి ఏమైందో! ఆకుపచ్చ కేబిన్, వెనక డాలా మీద నెమలి బొమ్మ, తోక సగం మాసిపోయింది. భద్రక్, బాలాసోర్ దారిలో తిరిగే మనవాళ్లెవరికైనా కనబడితే ఆపి చెప్పండి: చేప చల్లగానే చేరింది, ఆయన జాయింట్లు రెండూ నా దగ్గర కొత్తవి కొని ఉన్నాయి అని.