వార్షిక నివేదిక 2024–25: ఎంఎంటీఎస్ కోసం మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో నీళ్ల ట్యాంకర్లు, వీధి దీపాలు, వినాయక మండపం ఖర్చు ముందు వస్తాయి. ఈసారి వాటిని చివరికి జరిపాను. ఈ ఏడాది కార్యవర్గం కూర్చున్నప్పుడల్లా మాట తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చింది. ఇంటి వెనక పట్టాలున్నాయి, వాటి మీద సరిపడా ఎంఎంటీఎస్ బండ్లు, అంటే హైదరాబాద్ లోకల్ రైళ్లు, లేవు. ఇంటి ముందు రోడ్డుకేమో వేల కోట్లు వస్తున్నాయి. ఎందుకిలా?

పోయిన ఏడాది మార్చిలో ఒక వారం గుర్తు చేసుకోండి. 2024 మార్చి 5న ప్రధాని సంగారెడ్డి సభ నుంచి ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్‌కు జెండా ఊపారు. రెండు రోజులు తిరక్కుండానే, 7న, ముఖ్యమంత్రి మన అల్వాల్‌లోనే రాజీవ్ రహదారి ఎలివేటెడ్ కారిడార్‌కు, అంటే స్తంభాల మీద కట్టే రోడ్డుకు, శంకుస్థాపన చేశారు. దాని అంచనా 2,232 కోట్లు. 9న కండ్లకోయలో ప్యారడైజ్–డెయిరీఫామ్ డబుల్ డెక్కర్ కారిడార్‌కు కొబ్బరికాయ కొట్టారు. అది 5.32 కిలోమీటర్లు, 1,580 కోట్లు. ఇక 2012–13లో మంజూరైన ఎంఎంటీఎస్ రెండో దశకు, మేడ్చల్, ఉందానగర్, ఘట్‌కేసర్, రామచంద్రాపురం అన్నీ కలిపి, మొదట వేసిన అంచనా 816 కోట్లు.

ఈ పోలికలో కొంత అన్యాయం ఉందని నాకూ తెలుసు. పన్నెండేళ్ల కిందటి ధరలు వేరు. రైల్వేకు భూమి, పాత పట్టాలు ముందే ఉన్నాయి. స్తంభాల మీద కట్టే రోడ్డుకు ఖర్చు ఎక్కువే అవుతుంది. రెండో దశ ఖర్చు కూడా తరవాత పెరిగి 1,100 కోట్లు దాటింది. ఇవన్నీ పక్కన పెట్టి చూసినా, ప్యారడైజ్ నుంచి డెయిరీఫామ్ దాకా వేసే ఐదు కిలోమీటర్ల రోడ్డు ధర నగరం నాలుగు వైపులా రైలు వేసిన ఖర్చును మించిపోయింది.

మొదట్లో మేం కూడా తప్పు తోవలో పోయాం. జూన్‌లో పంచిన కరపత్రంలో "కేంద్రం డబ్బంతా రోడ్లకే పోతోంది, రైలుకు రావడం లేదు" అని రాశాం. అది సరి కాదు. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో రోడ్డు రవాణా శాఖకు 2.87 లక్షల కోట్లు, రైల్వేకు 2.52 లక్షల కోట్లు ఇచ్చారు. తేడా ఉంది కానీ, రైలును పస్తు పెట్టారని అనడానికి లేదు. ఆ కరపత్రం రాసింది నేనే కాబట్టి దిద్దుబాటు కూడా నేనే రాస్తున్నాను. డబ్బు రైల్వేకు వస్తోంది, కొత్త లైన్లకు, డబ్లింగ్‌కు, బోగీలకు పోతోంది. రోజూ పొద్దున పనికి పోయి సాయంత్రం తిరిగొచ్చే మన బోటి వాళ్ల రైలుకు వచ్చేసరికి మాత్రం సగం మీది, సగం మాది అన్న లెక్క మొదలవుతుంది.

ఎంఎంటీఎస్ మొదటి దశ 2003 ఆగస్టులో మొదలైంది. దానికి రైల్వే, రాష్ట్రం చెరి సగం పెట్టుకున్నాయి. రెండో దశకు రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు అన్నారు. రాష్ట్ర వాటా సకాలంలో రాలేదని రైల్వే పదే పదే చెప్పింది. మేడ్చల్ దాకా రైలు వచ్చింది 2023 ఏప్రిల్ 8న, అంటే మంజూరైన పదకొండేళ్లకు. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా 33 కిలోమీటర్ల పొడిగింపుదీ ఇదే కథ. వాటాల దగ్గరే ఏళ్లు గడిచాక, మొత్తం ఖర్చు తామే పెట్టుకుంటామని కేంద్రం 2023లో ప్రకటించింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

రోడ్డుకు ఈ తంటా లేదు. పెట్రోలు, డీజిలు మీద వేసే సెస్సులో రోడ్లకు కట్టుబడిన వాటా ఉంది. టోల్ ఉంది. ఆ టోల్ ఆదాయాన్ని చూపించి ముందే డబ్బు తెచ్చుకోవచ్చు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు టోల్ వసూలును 2023లో ముప్పై ఏళ్లకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు. ఐదు రూపాయల ఎంఎంటీఎస్ టికెట్టును ఎవరి దగ్గర తాకట్టు పెడతారు? రైలు లాభం టికెట్టులో కనిపించదు. బైకు ఇంట్లో పెట్టిన వాడి పెట్రోలు ఖర్చులో, ఖాళీ అయిన రోడ్డులో కనిపిస్తుంది. దానికి ఏ బడ్జెట్ పుస్తకంలోనూ పద్దు లేదు.

ఇక మనం చేసిన పని. సెప్టెంబరులో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టాం. మన లైనులో మిగిలిన పనులేమిటి, ఎవరి వాటా ఎంత, ఎంత ఇచ్చారు, అని మూడే ప్రశ్నలు. మొదటి కార్యాలయం దాన్ని 6(3) సెక్షన్ కింద రెండో కార్యాలయానికి బదిలీ చేసింది. రెండోది, ఇది మాకు సంబంధించింది కాదంటూ మొదటి కార్యాలయానికే తిప్పి పంపింది. రెండు ఉత్తరాలూ ఒకే వారంలో మన ఆఫీసుకు చేరాయి. ఫైలులో పక్కపక్కనే కుట్టి పెట్టాం, చూడదలచుకున్న వాళ్లు వచ్చి చూడొచ్చు. మొదటి అప్పీలు వేశాం, జవాబు రావాల్సి ఉంది.

రెండోది నోటుబుక్కు పని. నవంబరు నుంచి ఆరుగురు సభ్యులు వంతులు వేసుకుని పొద్దుటి పూట స్టేషన్‌లో నిలబడ్డారు. రెండు వందల పేజీల స్కూలు నోటుబుక్కులో మూడు గళ్లు గీశాం: రావలసిన టైము, వచ్చిన టైము, ఎందుకు ఆగింది. మూడో గడిలో ఎక్కువసార్లు కనిపించే మాట "గూడ్స్". మన రైలుకు వేరే పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్సులు, గూడ్సు బండ్లు అదే దారిన పోతాయి, వాటికి దారిచ్చి మన బండి స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర నిలబడుతుంది. ఒక పేజీలో మాత్రం మూడో గడిలో "తెలీదు, స్టేషన్ వాళ్లకీ తెలీదట" అని రాసి ఉంది. అది మూడో వీధి పెద్దాయన చేతిరాత. డిసెంబరు చలిలో మంకీక్యాపు పెట్టుకుని, చంకలో గొడుగు కూడా పట్టుకుని ఒక్క రోజు తప్పకుండా వచ్చారు. గొడుగు దేనికి సార్ అనడిగితే, ప్లాట్‌ఫాం రేకు కింద చుక్కలు పడతాయమ్మా అన్నారు. మంచు నీళ్లట.

ఆ నోటుబుక్కు వల్ల ఇంకో సంగతి తెలిసింది. సికింద్రాబాద్‌లో బట్టల షాపులో పనిచేసే మన సభ్యురాలు ఒకరు నెల రోజులు రైలు ఎక్కి చూసి మానేశారు. పొద్దున రైలు ఉంటుంది. షాపు మూసి వచ్చేసరికి తిరుగు రైలు ఉండదు. "పోయేటప్పుడు ఐదు, వచ్చేటప్పుడు షేర్ ఆటోకు అంతకు ఎన్నో రెట్లు, ఇదేం లెక్క అన్నా" అని ఆమె ప్రశ్న. బండ్లు పెంచమని అడిగితే జనం ఎక్కడం లేదంటారు. బండ్లు లేకపోతే జనం ఎలా ఎక్కుతారు? పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

జనవరి సర్వసభ్య సమావేశం గురించి దాచకుండా రాస్తాను. గట్టిగా వాదులాట అయింది. వినతిపత్రం ముసాయిదాలో "ఎలివేటెడ్ కారిడార్ ఆపి ఆ నిధులు రైలుకు ఇవ్వాలి" అనే వాక్యం ఉంది. రోజూ కారులో ఆ రోడ్డు మీది కార్ఖానా సిగ్నల్ దగ్గర నిలబడే సభ్యులు లేచి, మా నెత్తిన మట్టి కొడతారా అన్నారు. రోడ్డు వెడల్పులో షాపు పోతుందని భయపడే సభ్యులు ఆ వాక్యం ఉండాల్సిందే అన్నారు. ఇంకొకరు, మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మెట్రో వేస్తామని కొత్త ఏడాది రోజునే ప్రకటించారు కదా, ఇక ఎంఎంటీఎస్ గొడవ ఎందుకు అన్నారు. కానీ అప్పటికి మెట్రోకు ఇంకా డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక), అనుమతులు, అప్పు, స్తంభాలు అన్నీ కావలసే ఉన్నాయి. పట్టాలు మాత్రం ఇప్పటికే మన ఇంటి వెనక ఉన్నాయి, పైన కరెంటు తీగ కూడా ఉంది.

ఓటింగులో ఆ వాక్యం పోయింది. నేను అది ఉండాలని ఓటు వేశాను, ఓడిపోయాను. ఆలోచిస్తే సభ్యులు చేసిందే మేలేమో అనిపిస్తోంది. ఆర్టీసీ బస్సు కూడా ఆ రోడ్డు మీదే నడవాలి. దాని బదులు చేర్చిన వాక్యం ఇది: "నగర రైలుకు ఒకే ఖాతా, ఒకే బాధ్యుడు ఉండాలి." ముంబైలో రైల్వే 51 శాతం, మహారాష్ట్ర 49 శాతం వాటాలతో 1999లో ఒక కార్పొరేషన్ పెట్టుకుని లోకల్ రైళ్ల విస్తరణ పనులు చేయిస్తున్నారు. అక్కడా వాటాలే, కానీ అడగడానికి ఒక గుమ్మం ఉంది. బెంగళూరులో 2020లో 148 కిలోమీటర్ల సబర్బన్ రైలుకు 15,767 కోట్లు మంజూరు చేసి ఒక ఉమ్మడి కంపెనీకి అప్పగించారు. అక్కడ పని నత్తనడకన సాగుతోంది. కంపెనీ పెట్టగానే రైలు పరుగెత్తదని ఆ ఉదాహరణ కూడా వినతిపత్రంలో ఉంచాం. మనకు అనుకూలమైనవే ఏరుకుని రాస్తే చదివే అధికారి రెండో పేజీ తిప్పడు.

వినతిపత్రంలో అడిగినవి మూడు: రాత్రి షాపులు మూసే వేళకు సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వైపు ఒక బండి, స్టేషన్ బయటి దారికి లైట్లు, రైలు టైముకు కలిసేలా కాలనీల నుంచి చిన్న బస్సు. జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది కాబట్టి, దూరపు బండ్లు కొన్ని అటు మళ్లితే సికింద్రాబాద్ ప్లాట్‌ఫాంలు ఖాళీ అవుతాయి, ఆ ఖాళీలో మన రైలుకు చోటివ్వమని కూడా రాశాం. ఫిబ్రవరిలో అందజేశాం. రసీదు ఉంది, జవాబు లేదు.

మిగతా పనులు క్లుప్తంగా. రెండు వీధుల్లో ఇంకుడు గుంతలు తవ్వించాం, ఒకటి తొలి వానకే పూడిపోయింది, మళ్లీ తీయించాలి. బతుకమ్మ బాగా జరిగింది. వినాయక నిమజ్జనం లారీ గొడవ తీరింది. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం, ఆడిటర్ సంతకంతో.

వచ్చే ఏడాదికి నోటుబుక్కు పని సాయంత్రం పూటకు మార్చాలని కార్యవర్గం అనుకుంటోంది. తిరుగు రైలు అడుగుతున్నాం కాబట్టి, ఆ వేళకు ప్లాట్‌ఫాం మీద, బయట ఆటోల దగ్గర ఎంతమంది ఉంటారో మన చేతిలో లెక్క ఉండాలి. మంగళ, శుక్రవారాలకు ఇంకా ఎవరూ పేరివ్వలేదు. వీలున్న వాళ్లు ఆదివారం లోపు ఆఫీసులో పేరు రాయించండి. పెన్నూ పుస్తకం సంఘమే ఇస్తుంది, గొడుగు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి