బట్టీతో ఫ్రెంచ్ రాదు

సంపాదకులకు,

హైస్కూలు పై తరగతుల్లో ఫ్రెంచ్‌ను చాలామంది మార్కుల కోసమే తీసుకుంటారు. పేరాలు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతారు గానీ, ఎవరైనా ఎదురుగా నాలుగు ముక్కలు మాట్లాడితే నోరు పెగలదు. లోపం తెలివిలో లేదు, చదివే వరసలో ఉంది.

రాసినట్టే పలికే లిపికి అలవాటుపడిన మనం మొదట తడబడేది ఇక్కడే. ‘మాట్లాడు’ అనే క్రియకు నేను, నువ్వు, వాళ్లు అన్న మూడుచోట్లా స్పెల్లింగులు వేరు; పలకడం మాత్రం ఒకటే, ‘పార్ల్’. అందుకే ముందు చెవి, తర్వాతే కలం. రోజూ పది నిమిషాలు ఆడియో విని, ఆపి, రాసి, పాఠంతో సరిచూసుకోవాలి. ముక్కుతో పలికే ‘బోఁ’ లాంటి మాటలు గుర్తు పెట్టుకోవడానికి మన అరసున్న భేషుగ్గా పనికొస్తుంది (దాన్ని ఇంకెక్కడ వాడుతున్నాం గనక!).

నామవాచకాన్ని ఒంటరిగా నేర్చుకోకూడదు, దాని లింగాన్ని చూపే ‘లు’ (పుం.), ‘లా’ (స్త్రీ.)లతో కలిపే నేర్చుకోవాలి. ‘లివ్ర్’ కాదు, ‘లు లివ్ర్’. ‘తాబ్ల్’ కాదు, ‘లా తాబ్ల్’. పుస్తకం పుంలింగం, బల్ల స్త్రీలింగం ఎందుకయ్యాయంటే అర్థాన్ని బట్టి జవాబు దొరకదు.

భూతకాలంలో ఎక్కువ క్రియలకు ‘అవ్వార్’ (కలిగి ఉండు) అనే సహాయక క్రియ తోడు. వెళ్లడం, రావడం, పుట్టడం, చనిపోవడం వంటి కొన్నింటికి ‘ఎత్ర్’ (ఉండు). అప్పుడు ‘వెళ్లాడు’, ‘వెళ్లింది’ అన్నట్టే కర్తను బట్టి క్రియారూపం చివర మారుతుంది. తేడా తరచూ రాతలోనే కనిపిస్తుంది, చెవికి అందదు.

ఫ్రెంచ్ భాషా ప్రావీణ్యాన్ని కొలిచే డెల్ఫ్ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం ఒక్కోదానికి 25 మార్కులు. ఉత్తీర్ణతకు మొత్తం 50 కావాలి. ఏ ఒక్కదానిలో 5 కంటే తగ్గినా తప్పినట్టే. బడి పరీక్షల్లోనూ ఇలాంటి నిబంధన పెట్టాలి.

– ఒక ఫ్రెంచ్ అధ్యాపకుడు