శేషాచలం కొండల్లో నడవడానికి ఒక పద్ధతైన దారి చూపండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

శేషాచలంలో, నాగలాపురం కొండల్లో నడవాలనుకునేవాళ్ల కోసం కొన్ని దారులు గుర్తించండి. వాటికి టికెట్ పెట్టి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లనే గైడ్లుగా పెట్టండి. రాత్రి టెంటు వేసుకోవడానికి రెండు మూడు చోట్లు కేటాయించండి. ఈ మాట అడగడానికే ఈ లేఖ. అడవిని అందరికీ తెరిచేయమని మాత్రం నేను అడగడం లేదు.

మాది తిరుపతి. పోయిన చలికాలంలో చిత్తూరు నుంచి నా స్నేహితుడు వస్తే ఇద్దరం బైకు మీద శేషాచలం అడవిలోని తలకోన జలపాతానికి బయల్దేరాం. చీకటితోనే చంద్రగిరి దాటి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి తెల్లారింది. అక్కడ ఇడ్లీ తిని నెరబైలు మీదుగా తలకోన చేరాం. సిద్ధేశ్వరస్వామి గుడి దాటి పైకి నడుస్తుంటే చెట్ల మీద నుంచి తొడ లావు గిల్లతీగలు వేలాడుతున్నాయి. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్ల కింద నిలబడితే ఊళ్లో ఉన్న టెన్షన్లన్నీ పోయాయి. అసలు చిక్కు సాయంత్రం మొదలైంది.

టెంటు మా దగ్గరుంది. ఎక్కడ వేసుకోవచ్చని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. ఒకాయన పర్మిషన్ కావాలన్నారు, అది ఎవరిస్తారో ఆయనకూ తెలియదు. చివరికి ఒక టీకొట్టు పెద్దాయన, "మా మామిడితోపులో వేసుకోండి నాయనా, లోపలికి మాత్రం పోవద్దు, ఏనుగులు తిరుగుతుంటాయి" అన్నాడు. రాత్రి చాలాసేపు మాతో కూర్చున్నాడు. ఏ వాగులో ఏ నెలదాకా నీళ్లుంటాయి, ఎలుగుబంట్లు ఏ వైపు నుంచి దిగుతాయి, ఏ బండ మీద కాలు జారుతుంది, అన్నీ ఆయనకు తెలుసు. మా ఫోన్లో ఉన్న మ్యాప్‌లో ఇందులో ఒక్కటీ లేదు. ఆయన కొడుకు బెంగళూరులో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాడట. ఆ కుర్రాడికి ఇక్కడే, ఈ కొండల్లోనే, గౌరవమైన పని ఇవ్వొచ్చు కదా అని అప్పటి నుంచీ అనుకుంటున్నాను.

నాగలాపురం వైపు పరిస్థితి ఇంకా కష్టం. చెన్నైకి దగ్గర కాబట్టి శని, ఆదివారాలు కుర్రాళ్లు వస్తారు. పైన వాన పడితే కొండవాగు చూస్తుండగానే పొంగుతుందని వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు. గేటు మూసేస్తే రావడం మానేస్తారనుకోవడం పొరపాటు. దొంగదారి పడతారు. అప్పుడు ఎవరు లోపలికి వెళ్లారో, ఎవరు తిరిగి రాలేదో లెక్క కూడా ఉండదు.

తమిళనాడులో 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. అదే ఏడాది ఆ ప్రభుత్వం ట్రెక్కింగ్‌కు నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబరులో 40 దారులకు ఆన్‌లైన్ బుకింగ్ మొదలుపెట్టింది. శిక్షణ పొందిన స్థానికులు, గిరిజనులు గైడ్లుగా వెంట వెళ్తారు. మంటల భయం ఉన్న నెలల్లో దారులు మూసేస్తారు. అంత ఘోరం జరిగిన చోటే ఇది సాధ్యమైంది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఏటా ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల పాపవినాశనం దగ్గర్నుంచి తుంబురు తీర్థానికి వేలమంది భక్తులు ఈ అడవిలోనే నడుస్తారు. అన్నం, నీళ్లు, వైద్యం, కాపలా అన్నీ ఉంటాయి. ఒకరోజు అంతమందికి చేయగలిగిన ఏర్పాటు, మిగతా రోజుల్లో పదిమంది జట్టుకు చేయలేమా?

మీ సిబ్బంది భయాలు నాకు తెలియనివి కావు. శేషాచలం అడవి 1989 నుంచి జాతీయ పార్కు, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపేసిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. అందుకే నడక జట్టుగా, పగటిపూట మాత్రమే, గైడుతోనే అనే షరతు గట్టిగా ఉండాలి. ఇక ఎర్రచందనం. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది మన ఈ కొండల చుట్టుపక్కలే. భుజాన బ్యాగుతో కనిపించిన ప్రతివాడినీ స్మగ్లరేమోనని అనుమానించాల్సి రావడం గార్డులకు నరకం. పేరు, ఫోన్ నంబరు రాసుకుని టికెట్ ఇస్తే, రిజిస్టర్లో లేనివాడెవడో వాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఆ డబ్బులో సగమైనా అడవిని చూసుకునే ఊరివాళ్ల సంఘాలైన వన సంరక్షణ సమితులకు వెళ్తే, అడవిని కాపాడే కళ్లు ఊళ్లోనే పెరుగుతాయి.

తలకోన, నాగలాపురం, ఈ రెండు చోట్ల వచ్చే చలికాలానికి మొదలుపెట్టండి. దానికి టైం పడుతుందంటే, ఈలోపు భాకరాపేటలో ఒకటి, నాగలాపురంలో ఒకటి పెద్ద బోర్డులు పెట్టించండి. ఎక్కడిదాకా వెళ్లొచ్చు, ఎక్కడ టెంటు వేయకూడదు, ఆపదొస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇవి తెలుగులోనూ తమిళంలోనూ రాయించండి.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక పౌరుడు